పెద్ద చిలుక గిన్నెలో ఏముండాలి?



ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. మీ ఇంట్లోనో, మీకు తెలిసినవాళ్ల ఇంట్లోనో పెద్ద చిలుక ఉందా? ఉంటే, ఈ పూట దాని గిన్నెలో ఏముంది?

మామూలుగా వచ్చే జవాబు పొద్దుతిరుగుడు గింజలు. వాటితో పాటు నాలుగు పల్లీలు. ఎప్పుడన్నా ఓ జామకాయ ముక్క. పెట్టేవాళ్లు ప్రేమగానే పెడతారు. చిలుక కూడా ఇష్టంగానే తింటుంది. గిన్నె ఖాళీ అయితే ఇంటిల్లిపాదికీ తృప్తి. అయినా ఆ చిలుక ఒంట్లో ఎముకలు పలచబడుతూ ఉండొచ్చు. కాలేయానికి కొవ్వు పడుతూ ఉండొచ్చు. పైకి మాత్రం ఏమీ కనిపించదు.

ఈ ప్రసంగం ఆ గిన్నె గురించే. ఇందులో చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. గింజ బహుమానం. భోజనం వేరే. ఇది గుర్తుపెట్టుకోండి. మధ్యమధ్యలో మళ్లీ వినిపిస్తుంది.

ముందుగా, ఏ చిలుక గురించి మాట్లాడుకుంటున్నామో తేల్చుకోవాలి. సిద్దిపేట చుట్టూ మక్క చేన్ల మీద గుంపులుగా వాలే పచ్చటి రామచిలుక పెంపుడు పక్షి కాదు. అది అడవి పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ ఇస్తోంది. దాన్ని పట్టినా, అమ్మినా, పంజరంలో పెట్టినా నేరమే. భుజం మీద ఎర్రమచ్చ ఉండే మన పెద్ద చిలుక సంగతీ అంతే. ఒకప్పుడు సంతల్లో, బస్టాండ్ల దగ్గర చిలుక జోస్యం పంజరాలు కనిపించేవి. ఇప్పుడు అవి అరుదైపోవడానికి ఈ చట్టం కూడా ఒక కారణం.

ఇక్కడ చెప్పేది విదేశీ పెద్ద చిలుకల గురించి. నీలం, పసుపు రంగుల మకావ్. బూడిద రంగు ఒళ్లు, ఎర్ర తోక ఉండే ఆఫ్రికన్ గ్రే. తల మీద కుచ్చు ఉండే కాకటూ. మకావ్‌లను హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో చాలామంది చూసే ఉంటారు. వీటిని ఇంట్లో పెంచుకోవచ్చు. కానీ కాగితాలుండాలి. 2024లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి పక్షిని పరివేష్ అనే పోర్టల్‌లో నమోదు చేయించాలి. పక్షి చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా అధికారులకు తెలియజేయాలి. కాగితాలు లేని పక్షిని కొనకండి. అది ఏ అడవిలోంచో దొంగచాటుగా పట్టి తెచ్చిన పక్షి కావచ్చు. ఆఫ్రికన్ గ్రేలను అలా పట్టిపట్టి అడవులు ఖాళీ చేస్తున్నారనే, 2016లో జొహానెస్‌బర్గ్‌లో ప్రపంచ దేశాలు కూర్చుని వాటి అంతర్జాతీయ వ్యాపారం మీద కఠినమైన ఆంక్షలు పెట్టాయి.

ఇక గిన్నె దగ్గరికి వద్దాం.

అమెరికాలో షికాగో నగరం పక్కన బ్రూక్‌ఫీల్డ్ జూ ఉంది. అక్కడ కుకీ అనే కాకటూ ఉండేది. 1933లో ఆస్ట్రేలియాలో పుట్టింది. 1934లో ఆ జూ తెరిచినప్పటి నుంచి అక్కడే పెరిగింది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద వయసు చిలుకగా గిన్నెస్ రికార్డు పుస్తకంలోకి ఎక్కింది. 2016 ఆగస్టులో, 83 ఏళ్ల వయసులో కన్నుమూసింది. దాని పుట్టినరోజుకు జనం పోగయ్యేవాళ్లు. అంత పేరున్న పక్షి.

అయితే కుకీ కథలో ఇంకో సగం ఉంది. దాని మొదటి నలభై ఏళ్లు తిండి అంటే గింజలే. అప్పట్లో చిలుకకు ఏం కావాలో జూవాళ్లకు కూడా సరిగా తెలియదు. ఆ తర్వాత తిండి మార్చారు. కానీ జరిగిన నష్టం మిగిలిపోయింది. ముసలితనంలో దాని ఎముకలు గుల్లబారాయి. కీళ్లు పట్టేశాయి. ఆ నలభై ఏళ్ల గింజల తిండే ఇందుకు కారణం అయి ఉంటుందని అక్కడి వైద్యులు అన్నారు. చివరి ఏళ్లలో దాన్ని సందర్శకుల ముందు నుంచి తప్పించి, మందులతో, ప్రత్యేకమైన తిండితో కాపాడుకుంటూ వచ్చారు.

గింజలు తిని కూడా 83 ఏళ్లు బతికింది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే, బతికింది. తిండి మార్చాక, రోజూ వైద్యుల కనుసన్నల్లో బతికింది. నొప్పులతో బతికింది. ఇంట్లో ఉండే చిలుకకు అలాంటి వైద్యం అందదు. దానికి ఉన్నదల్లా మీరు పెట్టే గిన్నె.

మరి గింజలో అంత లోటేమిటి?

పొద్దుతిరుగుడు గింజ పొట్టు తీస్తే లోపలి పప్పు బరువులో దాదాపు సగం నూనే. వంద గ్రాముల పప్పులో కాల్షియం 80 మిల్లీగ్రాములు కూడా ఉండదు. భాస్వరం మాత్రం 600 మిల్లీగ్రాములు దాటుతుంది. ఎముకకు ఈ రెండూ కావాలి. కానీ ఈ పాళ్లలో కాదు. భాస్వరం ఇంతగా మీద పడితే, ఉన్న కొద్ది కాల్షియం కూడా ఒంటికి సరిగా పట్టదు. ఇక విటమిన్ ఎ సంగతికొస్తే, గింజలో అది లేనట్టే లెక్క.

సంక్రాంతికి మన ఇళ్లల్లో సకినాలు చేస్తారు. పిల్లలు ఎంత ఇష్టంగా తింటారో చెప్పక్కర్లేదు. ఆ ఇష్టాన్ని చూసి, ఏడాది పొడుగునా మూడు పూటలా సకినాలే పెడతామా? పెట్టం. అన్నం, పప్పు, కూర పెట్టి, సకినం చేతికి ఇస్తాం. చిలుక విషయంలోనూ చేయాల్సింది అదే. గింజ బహుమానం. భోజనం వేరే.

గింజల మిశ్రమం కొంటున్నాం, అందులో పది రకాలున్నాయి అంటారు కొందరు. సంచిలో పది రకాలుంటాయి. చిలుక కడుపులోకి పోయేవి రెండు రకాలే. అది ముక్కుతో ఏరుకుంటుంది. నూనె ఎక్కువున్న పొద్దుతిరుగుడు గింజ, పల్లీ ముందు తినేస్తుంది. మిగతావి కింద పారేస్తుంది. సాయంత్రం పంజరం అడుగున చూడండి. అది ఏం తిన్నదో, ఏం వదిలేసిందో అక్కడ తెలుస్తుంది.

అడవిలో చిలుక కూడా నూనె గింజలు తింటుంది కదా? తింటుంది. కానీ ఆ గింజ కోసం మైళ్ల కొద్దీ ఎగురుతుంది. పంజరంలో పక్షి ఒక కొమ్మ మీంచి ఇంకో కొమ్మ మీదికి దూకుతుంది, అంతే. తిన్న కొవ్వు ఖర్చయ్యే దారి లేదు. అది కాలేయానికీ, రక్తనాళాలకూ పడుతుంది.

ఇక్కడ సిద్దిపేట జిల్లాకు సంబంధించిన ఒక విశేషం చెప్పుకోవాలి.  జిల్లాలో ఎన్నో ఊళ్లలో వరి పొలాల పక్కనే ఆయిల్ పామ్ తోటలు లేచాయి. ఆ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఆఫ్రికన్ గ్రే చిలుక పుట్టిల్లూ ఆ వైపే. అక్కడి అడవుల్లో ఈ చిలుకలు ఎంతో ఇష్టంగా తినే పండు ఆయిల్ పామ్ పండే. గెలలోంచి ఒక పండు తీసి చీల్చి చూడండి. లోపలి గుజ్జు నారింజ రంగులో ఉంటుంది. ఆ రంగు బీటా కెరోటిన్‌ది. పక్షి ఒళ్లు దాన్నే విటమిన్ ఎ గా మార్చుకుంటుంది.

అంటే అడవిలో గ్రే చిలుక నూనెతో పాటు ఆ రంగునూ తింటోంది. మనం పంజరంలో నూనె పెడుతున్నాం, రంగు పెట్టడం లేదు. లోటు అక్కడుంది.

అందుకని తోటకు పోయి గెల తెచ్చి పంజరంలో వేలాడదీయనక్కర్లేదు. తోటలో మందులు కొట్టి ఉంటారు. పైగా ఇంట్లో ఉండే పక్షికి అంత నూనె అరగదు. అదే రంగు రైతుబజారులో ఏ బుట్టలో చూసినా దొరుకుతుంది. క్యారెట్. పండిన గుమ్మడికాయ. శివరాత్రికి ఉడకబెట్టుకునే కందగడ్డల్లో, అంటే చిలగడదుంపల్లో, లోపల నారింజ రంగు ఉండే రకం. బొప్పాయి పండు. మామిడి పండు. ముదురాకుపచ్చ ఆకుకూరల్లోనూ ఇదే పదార్థం ఉంటుంది. ఆకుపచ్చ దాన్ని కప్పేస్తుంది కాబట్టి కంటికి కనిపించదు. మునగాకు, తోటకూర, మెంతికూర, కొత్తిమీర అన్నీ మంచివే.

విటమిన్ ఎ లేకపోతే ఏమవుతుంది? నోటి లోపల, ముక్కులో, గాలి గొట్టాల్లో మెత్తగా, తడిగా ఉండాల్సిన పొర గట్టిపడిపోతుంది. నోట్లో తెల్లటి మచ్చలు లేస్తాయి. చిలుక తుమ్ముతుంది. ముక్కులు కారతాయి. జలుబు చేసిందేమో అనుకుంటాం. నిజానికి తిండి లోపం కావచ్చు. ఆ పొర దెబ్బతింటే క్రిములకు లోపలికి దారి దొరుకుతుంది.

రెండోది కాల్షియం. ఇది అన్ని చిలుకలకూ ముఖ్యమే. ఆఫ్రికన్ గ్రేకు మరీ ముఖ్యం. రక్తంలో కాల్షియం పడిపోతే ఈ పక్షి వణుకుతుంది. కూర్చున్న కర్ర మీంచి పడిపోతుంది. మూర్ఛలు వస్తాయి. కాల్షియం కోసం ఖరీదైన డబ్బాలే కొనాలని లేదు. వంద గ్రాముల తైదల్లో, అంటే రాగుల్లో, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మునగాకులోనూ అంతే ఉంటుంది. మునగ చెట్టు ఊళ్లో ఏదో ఒక పెరట్లో ఉండనే ఉంటుంది. ఒక రెమ్మ కోసి, బాగా కడిగి, పంజరానికి కట్టండి. చిలుక ఆకులు దూసుకుని తింటుంది, పుల్లను నమిలి పీచుపీచు చేస్తుంది. పాలకూర మాత్రం తక్కువగా పెట్టండి. అందులో ఉండే ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. దానికి ఎండ కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ సరిపోదు. కావాల్సిన కిరణాలను అద్దం ఆపేస్తుంది. పొద్దున లేత ఎండలో కాసేపు పంజరాన్ని వరండాలో పెట్టండి. సగం మీద నీడ ఉండేట్టు చూడండి. పిల్లి, కుక్క, కోతి రాకుండా ఒకరు పక్కనే ఉండండి.

ఇప్పుడు రోజు మొత్తం మీద గిన్నె ఎలా ఉండాలో చూద్దాం.

చిలుకకు ఆకలి గట్టిగా వేసేది పొద్దునే. కొత్త తిండి పెట్టాల్సింది అప్పుడే. కూరగాయలను శనగ గింజంత ముక్కలుగా తరగండి. ఏదో ఒక నారింజ రంగుది, ఏదో ఒక ఆకుకూర తప్పనిసరి. వాటికి బీరకాయో, బీన్సో, గోకరకాయో, బీట్‌రూటో, ఆ రోజు ఇంట్లో ఉన్నది కలపండి. ఉడికించిన తైదలో, కొర్రలో, జొన్నలో ఒక చెంచా వేయండి. పెసర మొలకలు కొన్ని చల్లండి. మొలకలు వాసన వస్తే మాత్రం పారేయండి. రోజుకు రెండు మూడుసార్లు కడిగితేనే అవి శుభ్రంగా ఉంటాయి.

పగలంతా గిన్నెలో పెల్లెట్లు ఉంచవచ్చు. పెల్లెట్ అంటే గింజలు, ధాన్యం, విటమిన్లు, ఖనిజాలు కలిపి పొడి చేసి, గుళికలుగా చేసిన తిండి. దీంట్లో ఏరుకుని తినడానికి వీలుండదు. ప్రతి గుళికలోనూ అన్నీ ఉంటాయి. పెద్ద చిలుకల తిండిలో సగానికి పైగా ఇవి ఉండాలని పక్షి వైద్యులు చాలామంది సలహా ఇస్తారు. హైదరాబాద్ దుకాణాల్లో దొరుకుతాయి. ఆన్‌లైన్‌లోనూ తెప్పించుకోవచ్చు. ధర ఎక్కువే. రంగులు పూసినవి కాకుండా మామూలువి తీసుకోండి. ప్యాకెట్ విప్పాక గాలి చొరని డబ్బాలో పోసి, తేమ తగలకుండా పెట్టండి. అయితే పెల్లెట్లు పెడుతున్నాం కదా అని కూరగాయలు మానేయకండి. ఈ రెండూ కలిస్తేనే భోజనం.

పండు కొంచెమే. జామ, బొప్పాయి, దానిమ్మ, రేగుపండు ఏదైనా సరే, రోజుకు రెండు మూడు ముక్కలు చాలు. పండులో చక్కెర, నీళ్లు ఎక్కువ. చిలుక కొట్టిన జామ తియ్యగా ఉంటుందని మనం ఊరికే అనలేదు. తీపి పండును కనిపెట్టడంలో దానికి తిరుగులేదు. వదిలేస్తే పండుతోనే కడుపు నింపుకుంటుంది. ఆపిల్ పెడితే లోపలి గింజలు తీసేయండి. సీతాఫలం పెడితే ఒక్క గింజ కూడా లేకుండా చూడండి. ఆ గింజలు విషం.

మరి పొద్దుతిరుగుడు గింజలు? పల్లీలు? బాదం? అవి మీ గుప్పిట్లో ఉండాలి, గిన్నెలో కాదు. చేతి మీదికి రమ్మంటే వచ్చినప్పుడు ఒకటి. పంజరంలోకి తిరిగి పొమ్మంటే పోయినప్పుడు ఒకటి. కొత్త కూర ముక్క రుచి చూసినప్పుడు ఒకటి. మకావ్‌కు గ్రే కన్నా కొంచెం కొవ్వు ఎక్కువ అవసరం. దానికి రోజుకు ఒకటి రెండు అక్రోట్లో, బాదాలో ఇవ్వవచ్చు. మళ్లీ అదే మాట. గింజ బహుమానం. భోజనం వేరే.

పల్లీల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. తేమ తగిలిన పల్లీలకు బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కడిగినా, వేయించినా అది పూర్తిగా పోదు. పక్షికే కదా అని నాసిరకం పల్లీలు కొనొద్దు. మీరు తినే పల్లీలే దానికీ పెట్టండి. పొట్టుతో ఉన్న కాయల కన్నా ఒలిచి, చూసి పెట్టిన గింజలు మేలు.

పచ్చి మిరపకాయ సంగతి చాలామంది అడుగుతారు. చిలుకకు కారం తగలదా? తగలదు. మిరపలో కారం పుట్టించే పదార్థం క్యాప్సైసిన్. మన నాలుక మీద ఒక గ్రాహకం దాన్ని పట్టుకుని, మంట అని మెదడుకు చెబుతుంది. ఆ గ్రాహకాన్ని కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్ అనే శాస్త్రవేత్తకు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. పక్షుల్లో ఆ గ్రాహకం కారానికి స్పందించదు. మిరప పుట్టిల్లు అమెరికా ఖండాలు. మకావ్ పుట్టిల్లూ అక్కడే. పక్షి మిరప పండు తింటుంది, గింజలను దూరంగా విసర్జిస్తుంది, అక్కడ కొత్త మొక్క లేస్తుంది. మిరపలో విటమిన్ సి, కెరోటిన్ దండిగా ఉంటాయి. పండు మిరపలో కెరోటిన్ ఇంకా ఎక్కువ. కాబట్టి మిరపకాయ నిశ్చింతగా పెట్టండి. మందులు పోయేలా బాగా కడిగి పెట్టండి.

ఇక పెట్టకూడనివి. ఇవి జాగ్రత్తగా వినండి. అవకాడో పెట్టకూడదు. ఇప్పుడు పట్టణాల్లో ఈ పండు దొరుకుతోంది. మనుషులకు మంచిదే. చిలుకకు గుండె ఆగిపోయేంత ప్రమాదం. చాక్లెట్ పెట్టకూడదు. కాఫీ, చాయ్ తాగించకూడదు. చాయ్‌లో ముంచిన బిస్కెట్ ముక్క ముద్దుగా పెడతారు. అది కూడా వద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ వద్దు. ఉప్పు వద్దు. పచ్చళ్లు, అప్పడాలు, మిక్చర్ వద్దు. పాలన్నం కూడా వద్దు. పక్షులకు పాలలోని చక్కెర అరగదు. రాజ్మా, చిక్కుడు లాంటి ఎండు గింజలను బాగా ఉడికించకుండా పెట్టకూడదు.

ఇన్ని గుర్తుపెట్టుకోవడం కష్టం అనిపిస్తే, వంటింట్లో ఒక చిన్న అలవాటు చేసుకోండి. కూరగాయలు తరిగినప్పుడే, పొయ్యి మీద పెట్టకముందే, ఒక గుప్పెడు పక్కన తీసి పెట్టండి. ఉప్పు, ఉల్లిగడ్డ, నూనె ఏదీ పడకముందు తీసిన ఆ గుప్పెడే చిలుక వాటా.

వంటింటి మాట వచ్చింది కాబట్టి ఇంకో ముఖ్యమైన హెచ్చరిక. నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కి మాడితే దాని పూత నుంచి పొగ వస్తుంది. మనకు వాసన కూడా తెలియకపోవచ్చు. ఆ పొగ పీల్చిన పక్షి నిమిషాల్లో చనిపోగలదు. పంజరం వంటింటి దగ్గర పెట్టకండి.

ఇంతవరకూ ఏం పెట్టాలో చెప్పుకున్నాం. ఎలా మార్చాలన్నది దానికన్నా కష్టం. పదేళ్లు గింజలు తిన్న చిలుక ముందు ఒక్కసారిగా క్యారెట్ ముక్కలు పెడితే, అది వాటిని తిండి అని గుర్తించదు. భయపడుతుంది కూడా. ఆకలైతే అదే తింటుందిలే అని గింజలు ఆపేయకండి. చిలుక పస్తులుండి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. వారాలు పట్టనివ్వండి. కొన్ని పక్షులకు నెలలు పడతాయి.

పొద్దున గింజలు తీసేసి కూరముక్కలు పెట్టండి. గంటో, రెండు గంటలో ఉంచండి. తిన్నా తినకపోయినా, ఆ తర్వాత మామూలు తిండి ఇవ్వండి. గింజల పాలు ప్రతి వారం కొంచెం తగ్గిస్తూ రండి. దాని ఎదురుగా కూర్చుని మీరు అదే క్యారెట్ తినండి. చిలుక గుంపులో బతికే పక్షి. గుంపు ఏం తింటే తానూ అదే తినాలనుకుంటుంది. ఇప్పుడు దాని గుంపు మీరే. ముక్కలు నచ్చకపోతే తురిమి పెట్టండి. తురుము నచ్చకపోతే ఉడికించి గోరువెచ్చగా పెట్టండి. ఒకసారి వద్దన్నదని ఆ కూరను వదిలేయకండి. మళ్లీ మళ్లీ పెట్టండి.

తిండి మార్చే ఈ రోజుల్లో ఒక చిన్న తూకం యంత్రం దగ్గరుంచుకోవాలి. వంటింట్లో వాడే, గ్రాములు చూపించేది చాలు. ఆఫ్రికన్ గ్రే బరువు మామూలుగా 400 నుంచి 500 గ్రాములు. నీలం, పసుపు మకావ్ సుమారు ఒక కిలో. రోజూ పొద్దున, తిండికి ముందు తూచి రాసుకోండి. మొదలుపెట్టినప్పటి బరువులో పదో వంతు తగ్గిందంటే మార్పు ఆపేసి డాక్టరుకు చూపించాలి. 450 గ్రాముల గ్రేకు పదో వంతంటే 45 గ్రాములే. అంత తగ్గినా ఈకల కింద కంటికి కనిపించదు. తూకమే చెప్పాలి.

తిండితో పాటు తినే తీరు కూడా ముఖ్యం. అడవిలో చిలుక రోజులో చాలా గంటలు తిండి వెతుక్కుంటుంది. కాయ కోస్తుంది, చీలుస్తుంది, పారేస్తుంది, ఇంకో చెట్టుకు పోతుంది. పంజరంలో గిన్నె నిండుగా ఉంటుంది. పది నిమిషాల్లో తినేస్తుంది. మిగతా రోజంతా ఏం చేయాలి? ఏమీ తోచని చిలుక అరుస్తుంది. కొన్ని తమ ఈకలు తామే పీక్కుంటాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో పరిశోధకులు అమెజాన్ చిలుకలను రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు వెతుక్కుని, విప్పుకుని తినేలా తిండి పెట్టారు. ఎక్కడానికి, నమలడానికి వస్తువులు ఇచ్చారు. రెండో గుంపుకు అవేమీ లేవు. మొదటి గుంపులో ఈకలు పీక్కోవడం బాగా తక్కువగా కనిపించింది. ఆ ఫలితాలు 2003లో అచ్చయ్యాయి.

ఇది ఇంట్లో చేయడానికి పైసా ఖర్చు లేదు. మక్క కంకిని ఆకులు ఒలవకుండా అలాగే ఇవ్వండి. అది ఒక్కో ఆకూ చీల్చుకుంటూ పోతుంది. మోదుగాకు దొప్పలో కూరముక్కలు పెట్టి, మడిచి, పుల్ల గుచ్చి ఇవ్వండి. బహుమానం గింజను కాగితంలో చుట్టి దాచండి. సిరా లేని కాగితమే వాడండి. తోటకూర కట్టను తడిపి పైనుంచి వేలాడదీయండి.

మన ఎండల సంగతి కూడా మరిచిపోకూడదు. ఏప్రిల్, మే నెలల్లో సిద్దిపేటలో 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి తరిగిన పండు, ఉడికిన ధాన్యం త్వరగా పాడవుతాయి. వేసవిలో గంటకు మించి పంజరంలో ఉంచకండి. మిగతా కాలాల్లో రెండు గంటలు. గిన్నె సబ్బుతో కడగండి. నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చండి. చిలుక తిండిని నీళ్లలో ముంచుకుని తింటుంది కాబట్టి ఆ నీళ్లు తొందరగా చెడిపోతాయి.

చివరగా ఆసుపత్రి మాట. చిలుక తన జబ్బును దాచిపెడుతుంది. అడవిలో నీరసంగా కనిపించిన పక్షిని డేగ ముందు పట్టుకుంటుంది. అందుకే చివరి దాకా బాగున్నట్టే ఉంటుంది. ఈకలు ఉబ్బించి మూలన కూర్చున్నా, రెట్ట రంగు మారినా, తుమ్ములు ఆగకపోయినా, తిండి మానేసినా, ఒక్కరోజు కూడా ఆగొద్దు. ముందు దగ్గర్లోని పశువైద్యుణ్ని కలవండి. పక్షుల వైద్యం తెలిసినవాళ్లు కావాలంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి మీద హైదరాబాద్ వంద కిలోమీటర్లు. పక్షికి ఏమీ కాకముందే ఏడాదికి ఒకసారి చూపించి రావడం మంచిది. పోయేటప్పుడు, అది వారం రోజులు ఏం తిన్నదో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. డాక్టరు ముందు అడిగేది అదే.

ఒక్కసారి మళ్లీ చెప్పుకుందాం. రోజూ ఒక నారింజ రంగు కూర, ఒక ఆకుకూర. ధాన్యం, మొలకలు, పెల్లెట్లు. పండు కొంచెం. ఉప్పు, చాయ్, చాక్లెట్, అవకాడో వద్దు. మార్పు మెల్లగా, తూకం చూసుకుంటూ. గింజ బహుమానం, భోజనం వేరే.

శ్రోతలారా, ఆఫ్రికన్ గ్రే నలభై యాభై ఏళ్లు బతకగలదు. ఇవాళ దాన్ని ఇంటికి తెచ్చినవాళ్ల పిల్లలు పెద్దయ్యాక కూడా అది ఆ ఇంట్లోనే ఉంటుంది. అది తనంతట తాను ఎగిరిపోయి తిండి వెతుక్కోలేదు. దాని ఆరోగ్యం పూర్తిగా మీ చేతుల్లోనే ఉంది. రేపు పొద్దున గింజల డబ్బా మూత తీసే ముందు, ఒక క్యారెట్టు తురిమి, నాలుగు మునగాకు రెమ్మలు కడిగి పంజరంలో పెట్టండి. తినకపోతే ఎల్లుండి మళ్లీ పెట్టండి.